కుడివైపు పడిన ముద్ర

పోయిన నెలలో ఒక ఉదయం పెసరట్టు తింటుండగా మా ప్రాంతపు మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశారు. సుబేదారుగా రిటైరైన మనిషి. ఫోన్‌లో కూడా నిటారుగా నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. "పీయేగారూ, మన హాలు పూర్తయిందండి. రంగులు కూడా వేసేశాం. మీ పెదనాన్నగారి ఫోటో మంచిది ఒకటి కావాలండి, దండలు గట్రా లేనిది" అన్నారు. నేను ఆ పీయే పని మానేసి పదిహేనేళ్లు దాటింది. ఆ ఊళ్లలో మాత్రం నాకు ఇప్పటికీ అదే పేరు. ఫోటో సంగతి అయ్యాక ఆయన గొంతు తగ్గించారు. "ఒక చిన్న చిక్కొచ్చిందండి. హాలుకి మాస్టారి పేరు పెడదామంటే ఒకాయన అడ్డం పడుతున్నారు. మొన్న మీటింగులో లేచి, సంచీలోంచి ఒక ఉత్తరం తీసి అందరికీ చూపించారండి. ఇదిగో, మీ మాస్టారు నాకిచ్చిన ఉత్తుత్తి కాయితం, ఈ మనిషి పేరు కింద నేను కూర్చోను అన్నారు. ఇంకో పదిమంది తలలూపారు. వాళ్ల ఇళ్లలోనూ అలాంటివి ఉన్నాయంట. బోర్డు ఖాళీగా వదిలేశామండి" అన్నారు. ఆయన ఎవరని నేను అడగలేదు. అడగక్కర్లేదు. ఫోన్ పెట్టేసేసరికి పెసరట్టు చల్లారిపోయింది.

ఆ ఉత్తరం మీద గుండ్రటి ముద్ర ఏ వైపు ఉందో నేను ఇంట్లో కూర్చునే చెప్పగలను. ఆ ముద్ర వేసింది నేనే. ఆ రబ్బరు స్టాంపు మొన్నమొన్నటిదాకా మా బీరువా కింది సొరుగులో, పాత కరెంటు బిల్లుల అడుగున ఉండేది. ఇల్లు రెండుసార్లు మారాం. ప్రతిసారీ మా ఆవిడ దాన్ని చెత్తబుట్టలో పడేయడం, నేను మళ్లీ ఏరుకొచ్చి సొరుగులో పెట్టడం. "పదవి పోయింది, మనిషి పోయాడు, ఇంకా ఈ బిళ్ల ఎందుకండీ మీకు?" అనేది. జ్ఞాపకం అనేవాణ్ణి. అదీ అబద్ధమే. పడేస్తే ఎవరైనా ఏరుకుని చదువుతారేమో అన్నట్టుగా ఉండేది నాకు. మా పెదనాన్న పేరు ఆ బోర్డు మీదికి ఎక్కాలంటే చెప్పవలసిన మాట ఒకటుండేది. అది తెలిసినవాణ్ణి అప్పటికి నేనొక్కణ్ణే. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెదనాన్న అంటే మా నాన్నకి పెత్తండ్రి కొడుకు. ఎమ్మెల్యే కాకముందు పాతికేళ్లు మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆయన్ని మాస్టారు అనేవారే తప్ప ఎమ్మెల్యేగారు అన్నవాళ్లు తక్కువ. మా పక్కూరికి మిలటరీ ఊరని పేరు. ఇంటికొకరు సైన్యంలో ఉండేవారు. సెలవుల మీద సామర్లకోటలో రైలు దిగి, నల్ల ట్రంకు పెట్టె బస్సు టాపు మీద వేసుకుని వచ్చేవారు. వాళ్లలో సగంమందిని పంపింది పెదనాన్నే. రిక్రూట్‌మెంటు ఉందని తెలిస్తే చాలు, నాలుగు నెలల ముందు నుంచే ఆ చుట్టుపక్కల కుర్రాళ్లందరినీ తెల్లవారేసరికి కాలవ గట్టు మీదికి రప్పించేవారు. మెడలో ఈల, చేతిలో టైలరు దగ్గర ఎరువు తెచ్చిన టేపు. ఒక్కొక్కణ్ణీ ఊపిరి బిగబట్టమని ఛాతీ కొలిచేవారు. బరువు చాలనివాడికి తూకం రోజు పొద్దున్నే డజను చక్కెరకేళీ అరటిపళ్లు తినిపించి, పైన రెండు చెంబుల నీళ్లు తాగించి, "తూకం అయ్యేదాకా నవ్వకు" అని చెప్పి పంపేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి శిక్ష ఒక్కటే. మైలు దూరంలో, కాలవ నీళ్లని తలుపులతో ఆపే లాకు దాకా పరిగెత్తి వెళ్లి, తిరిగొచ్చి, ఆయన ఎదుట నిలబడి, "వచ్చానండీ" అని చెప్పాలి. అది వినేదాకా ఆయన గట్టు మీద నుంచి కదిలేవారు కాదు. బడి గంట కొట్టేసినా సరే.

నేనూ పరిగెత్తాను. చెప్పుకోదగ్గ పరుగు కాదు. వారంలో మూడు రోజులు లాకు ముఖం చూసిన ఖ్యాతి నాది. మాలో అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ముందు పరుగు ముగించేవాడు ఇంకొకడు ఉండేవాడు. మిలటరీ ఊరివాడు, నాకంటే మూడేళ్లు పెద్ద. అతన్ని నేను అన్నా అనేవాణ్ణి, అతను నన్ను తమ్ముడూ అనేవాడు. నేను లాకు దగ్గర్నుంచి రొప్పుకుంటూ వస్తుంటే ఒక్కోసారి ఎదురొచ్చి చివరి పాతిక బారలూ నాతో పాటు పరిగెత్తేవాడు. సెలెక్షన్ రోజున అతన్ని తీసుకున్నారు. నా పాదాలు బల్లపరుపుగా ఉన్నాయని నన్ను వెనక్కి పంపారు. పాదాలకి కూడా ఒక ఆకారం ఉండాలని నాకు ఆ రోజే తెలిసింది. పెదనాన్న నా భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా, నా దగ్గరే ఉందువుగాని" అన్నారు. అన్న మాట మరిచిపోలేదు. ఆయన గెలిచిన మర్నాడే నాకు కబురు వచ్చింది.

ఎమ్మెల్యేగా ఆయన చాలా పనులు చేశారు. రోడ్లు వేయించారు, వంతెన కట్టించారు. అవి అందరూ చేసేవే. ఆయన మనసంతా బుధవారం మీద ఉండేది. బుధవారం పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం దాకా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ తప్ప ఇంకెవరికీ మా ఆఫీసులో ప్రవేశం లేదు. కాంట్రాక్టర్లు వీధిలో చెట్టు నీడన నుంచోవలసిందే. అరుగు మీద నేను వరసగా కుర్చీలు వేయించాలి. మాజీ సైనికుడు ఎవరు లోపలికి వచ్చినా ఆయన లేచి నిలబడేవారు. మోకాళ్ల నొప్పులు వచ్చాక బల్ల పట్టుకుని లేచేవారు. అప్పుడూ మానలేదు. ఒకసారి నేను, "వచ్చినప్పుడల్లా లేవడం ఎందుకండి, మీ దగ్గర చదువుకున్నవాళ్లే కదా" అంటే, "వాళ్లంతట వాళ్లు వెళ్లలేదురా. నేను పంపాను" అన్నారు. మిలటరీ ఊరి కుర్రాడు ఒకడు సరిహద్దులో పోయినప్పుడు సామర్లకోట స్టేషన్‌కి తనే వెళ్లి, ఆ పెట్టెతో పాటు వ్యాను వెనక కూర్చుని వచ్చారు. ఆ కుర్రాడి భార్య పెన్షను కోసం బ్యాంకుకి ఆరుసార్లు వెంట వెళ్లారు. మేనేజరు కుర్చీ వెయ్యబోతే, "ఆవిడకి వెయ్యండి" అన్నారు. అసెంబ్లీలో ఆయన నోరు తెరిచిందే తక్కువ. తెరిచినప్పుడల్లా సైనికుల ఇళ్ల స్థలాల గురించో, వాళ్ల పిల్లల సీట్ల గురించో అడిగేవారు. ఇప్పుడు కట్టిన హాలుకి కాలవ పక్కన స్థలం మంజూరు చేయించింది కూడా ఆయనే. ఆ కాగితం కోసం మూడేళ్లు తిరిగారు.

ఆయనకి ఒక్క లోపం ఉండేది. కాదు అని చెప్పడం రాదు. సైనికుడు ఏది అడిగినా ఉత్తరం రాసేవారు. ఒక పెద్దాయన, మంచుకొండల్లో డ్యూటీ చేస్తున్న తన కొడుకుని కాకినాడకి బదిలీ చేయించమన్నాడు. "అక్కడ చలి ఎక్కువగా ఉందంటండి" అన్నాడు. పెదనాన్న సానుభూతిగా తలూపి ఢిల్లీకి ఉత్తరం రాశారు. ఇంకొకాయన తన ఇంటి ఎదురుగా ఎక్స్‌ప్రెస్ రైలు ఆపించమన్నాడు. దానికీ రాశారు. ఇలా బుధవారం ఒక్కరోజే ఇరవై, పాతిక ఉత్తరాలు. కొన్ని నెలలకి జిల్లా కేంద్రంలోని ఒక ఆఫీసు సూపరింటెండెంటు నన్ను పక్కకి పిలిచారు. "పీయేగారూ, మాస్టారంటే మాకు గౌరవమేనండి. కానీ ఇన్ని పంపితే ఏది నిజంగా చెయ్యాలో, ఏది పక్కన పెట్టాలో మాకెలా తెలుస్తుందండి?" అన్నారు. అప్పుడు ఆ ఉపాయం నా బుర్రలోనే పుట్టింది. సంతకానికి ఎడమవైపు గుండ్రటి ముద్ర పడితే ఆ పని జరగాలి. కుడివైపు పడితే ఆ ఉత్తరం మర్యాద కోసం ఇచ్చిందన్నమాట. తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చూస్తామని చెప్పి పంపెయ్యాలి. ఈ సంగతి నాకూ, నాలుగైదు ఆఫీసుల్లో పెద్ద గుమాస్తాలకీ తెలుసు. పెదనాన్నకి తెలియదు. ఆయన సంతకం చేసి కాగితం నావైపు తోసేవారు. ముద్ర వెయ్యడం నా పని. అది ఏ వైపు పడుతోందని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

మొదట్లో నేను తప్పు చేస్తున్నానని అనుకోలేదు. రైలు ఆపమన్నాయనకి కుడివైపు, భర్త పోయిన ఇల్లాలి పెన్షనుకి ఎడమవైపు. దాంతో నిజమైన పనులు త్వరగా అయ్యేవి. పెదనాన్న మాటకి విలువ పెరిగిందని నాలో నేను మురిసిపోయేవాణ్ణి కూడా. కానీ ఎవరి పని నిజమైందో నేనే తేల్చడం అలవాటయ్యాక, దాని వెనకే ఇంకో అలవాటు వచ్చింది. మిలటరీవాళ్లకి క్యాంటీను కార్డు మీద నెలకి కొన్ని మందు సీసాలు వస్తాయి. మాకు యానాం దగ్గరే. కావాలంటే అక్కడ చవగ్గా ఎంతైనా దొరుకుతుంది. అయినా మా వైపు మిలటరీ సీసాకి ఉన్న పరువు వేరు. పెళ్లిలో ఒకడి సంచీలో అది ఉందని తెలిస్తే పెళ్లికొడుకుని వదిలేసి వాడి చుట్టూ మూగేవాళ్లు. ఎవరో ఒకాయన పని అయినందుకు సంతోషంతో ఒక సీసా పేపర్లో చుట్టి నా బల్ల కింద పెట్టి వెళ్లాడు. నేను వద్దనలేదు. తరవాతి బుధవారం రెండు వచ్చాయి. మెల్లగా అది ఆనవాయితీ అయింది. పని అయ్యాక ఇచ్చేది పోయి, పని కాకముందే తెచ్చేది అయింది. నేను ఎవర్నీ అడగలేదని చాలాకాలం చెప్పుకున్నాను. "మీ కోటా ఏం చేస్తున్నారండి?" అని నవ్వుతూ అనడం అడగడం కాదని నా లెక్క.

ఇక ఆ హవల్దారు సంగతి. గట్టు మీద మా అందరికంటే ముందుండేవాడని చెప్పానే, అతనే. ఇరవై రెండేళ్లు పనిచేసి, మోకాలు దెబ్బతిని, ఇంటికొచ్చేశాడు. ఒక్కతే కూతురు, ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. వ్యవసాయం చదవాలని ఆ పిల్ల పట్టుదల. అగ్రికల్చర్ బీఎస్సీలో సైనికుల పిల్లలకి కొన్ని సీట్లుంటాయి. దానికి ఒక సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కి తండ్రి డిశ్చార్జి పుస్తకం కావాలి. ఆ ముందటి ఏడాది వరదలో వాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చి ఆ పుస్తకం ముద్దయిపోయింది. నకలు రావడానికి నెలలు పడుతుంది, గడువు మూడు వారాలే. ఎవరైనా బాధ్యత గల మనిషి చెబితే నకలు వచ్చేలోగా తాత్కాలికంగా సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఆఫీసరుకి ఉంది. కాబట్టి ఆ ఉత్తరం మర్యాదకి ఇచ్చేది కాదు. ఆ అమ్మాయి చదువంతా దాని మీదే ఉంది. నాకది పూర్తిగా తెలుసు.

ఆ బుధవారం అతను పది కాకముందే వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, మోకాలికి గుడ్డ పట్టీ. "బాగున్నారా పీయేగారూ?" అన్నాడు. తమ్ముడూ అంటాడని ఎదురుచూసిన నాకు ఎక్కడో కలుక్కుమంది. నేను మామూలుగా, నవ్వుతూ, నా ప్రశ్న అడిగాను. అతను నా మొహంలోకి చూసి, "నేను పుచ్చుకోనండి. ఆ కోటా వద్దని ఎప్పుడో రాసిచ్చేశాను" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనున్న ముసలి సుబేదారు ఒకాయన, "పీయేగారు పుచ్చుకుంటార్లేవయ్యా" అని నవ్వాడు. దానికి హవల్దారు నెమ్మదిగా, "గట్టు మీద మాస్టారు అరటిపళ్లు పెట్టి పంపేవారు. ఇప్పుడు గుమ్మంలో సీసాలు పెట్టి లోపలికి వెళ్లాలా?" అన్నాడు. అరుగంతా నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. తూకం రోజు నాటి మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

లోపల పెదనాన్న అతన్ని చూసి బల్ల పట్టుకుని లేచి, వాటేసుకున్నారు. ఎప్పుడూ నాచేత టైపు చేయించే ఆయన, ఆ ఉత్తరం మాత్రం తనే సొంత దస్తూరీతో రెండు పేజీలు రాశారు. 'ఈ తండ్రి మాటకి నేను హామీ' అని చివర్న రాసి, సంతకం చేసి, కాగితం నావైపు తోశారు. నా చెవులు ఇంకా మండుతున్నాయి. స్టాంపు ఇంకు పెట్టెలో అద్ది, కుడివైపు వేశాను. ఒక్క క్షణం పట్టింది. ఇప్పుడు ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఆ క్షణంలో నాకు ఏ సందేహమూ వచ్చినట్టు గుర్తులేదు. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

అతను ఆ ఉత్తరం పట్టుకుని జిల్లా కేంద్రానికి నాలుగుసార్లు బస్సెక్కాడు. ప్రతిసారీ కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు, చూస్తామన్నారు. అతను తిరుగుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. రేపు చేద్దాంలే, ఇంకొంచెం తిరగనీ అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే గడువు దాటిపోయింది. చివరిసారి వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా ఒకడు జాలిపడి, "మీ ఎమ్మెల్యేగారి ఉత్తరాల్లో సగం ఉత్తుత్తివేనండి. ఆయన మనిషే మాకు చెప్పాడు" అన్నాడట. ఆయన మనిషంటే నేను. వినే హవల్దారుకి మాత్రం అర్థమైంది ఒక్కటే, మాస్టారు మొహం ముందు వాటేసుకుని వెనక ఇలా చేయిస్తున్నారని.

రెండు నెలల తరవాత పెదనాన్న అడిగారు, "ఆ హవల్దారు అమ్మాయికి సీటొచ్చిందిరా?" అని. నేను కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "రాలేదండి. ఆయన గడువు దాటాక వెళ్లాడంట" అన్నాను. ముద్ర కంటే ఈ అబద్ధం పెద్దది. ఆ ఏడాది జెండా పండుగకి హైస్కూలు మైదానంలో అతను కనబడితే పెదనాన్న అందరి ముందూ డ్రిల్లు మాస్టారై పోయి, "ఏరా, పిల్ల చదువు విషయంలో కూడా ఆలస్యమేనా? లాకు దాకా పరిగెత్తించనా?" అని కేకలేశారు. కోపం కాదది, ప్రేమే. ఆయన నలుగురిలో మందలించేది ఇష్టమైనవాళ్లనే. కానీ అతను జీవితంలో ఒక్కసారి కూడా లాకు దాకా పరిగెత్తని మనిషి. పెదనాన్న వంక రెప్ప వెయ్యకుండా చూసి, చెయ్యెత్తి సెల్యూట్ చేసి, కుంటుకుంటూ మైదానం దాటి వెళ్లిపోయాడు. నేను రెండడుగుల దూరంలో జెండా తాడు పట్టుకుని ఉన్నాను. అతని వెనకాల పరిగెత్తడానికి నా పాదాలు పనికొచ్చేవే. పరిగెత్తలేదు.

తరవాతి ఎన్నికల్లో పెదనాన్న ఓడిపోయారు. మిగతా ఊళ్లలో ఎంతో కొంత మెజారిటీ వచ్చింది. మిలటరీ ఊరి బూత్‌లలో మాత్రం ఆయనకి పడవలసిన ఓట్లు పడలేదు. ఆ లెక్క విన్నాక కూడా ఆయన తరవాతి బుధవారం పొద్దున్నే నన్ను పిలిచి కుర్చీలు వెయ్యమన్నారు. వేశాను. పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. "పదవి లేదుగా, ఎందుకొస్తార్లే" అన్నారు. మళ్లీ తనే, "అయినా చూడ్డానికైనా వస్తారనుకున్నానురా" అన్నారు. అలా ఎనిమిది వారాలు నేను కుర్చీలు వేశాను, తీశాను. చెప్పడానికి ఎనిమిది బుధవారాలు నా చేతిలో ఉన్నాయి. తొమ్మిదో వారం రాజమండ్రిలో అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీలో ఉద్యోగం దొరికిందని చెప్పి వచ్చేశాను. వస్తూ స్టాంపు తెచ్చేసుకున్నాను. మూడేళ్లకి ఆయన పోయారు. దహనానికి చాలామంది వచ్చారు. ఒక్క మిలటరీ ఊరు మాత్రం మొత్తానికి మొత్తం రాలేదు.

అధ్యక్షుడి ఫోన్ వచ్చిన మూడో రోజున హవల్దారుగారి కోసం కడియం వెళ్లాను. ఇప్పుడాయన కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ అమ్మాయి అక్కడ నర్సరీ నడుపుతోంది. నేను వెళ్లేసరికి వరసల మధ్య నిలబడి ఎవరికో మామిడి అంటు గురించి చెబుతోంది. కట్టు ఎక్కడ కట్టాలో, ఎన్నాళ్లకి విప్పాలో, ఎందుకు విప్పాలో. ఏ కాలేజీలోనూ నేర్చుకోనిది అంత వివరంగా చెబుతుంటే నేను గేటు దగ్గరే కాసేపు ఆగిపోయాను. హవల్దారుగారు షెడ్డులో మట్టి జల్లెడ పడుతున్నారు. నన్ను చూసి చేతులు దులుపుకుని, "రండి పీయేగారూ. ఫోటో ఇచ్చి పోయే దారిలో వచ్చారా?" అన్నారు. వెటకారం కూడా అండీ గారూ కలిపి అంటారు మా వైపు. మరీ లోతుగా దిగుతుంది.

నేను కూర్చోలేదు. స్టాంపు జేబులోంచి తీసి ఆయన ముందున్న స్టూలు మీద పెట్టి, మొత్తం చెప్పాను. ఎడమ, కుడి, సీసాలు, ఆ గుమాస్తా చెప్పిన మాటకి అర్థం, గడువు గురించి నేనాడిన అబద్ధం. ఆయన అంతా విని లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆ ఉత్తరం తెచ్చి, కుడివైపు ముద్ర మీద వేలు పెట్టారు. స్టాంపు తీసి దానితో పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "మాస్టారికి తెలుసా?" అన్నారు.

"తెలియదండి. ఏ వైపు వేస్తున్నానో ఆయన ఎప్పుడూ చూడలేదు."

"మరి జెండా రోజున నన్ను ఆలస్యం అన్నది?"

"నేను చెప్పింది నమ్మి అన్నారు."

ఆయన కవరు మీద దుమ్ము లేకపోయినా తువ్వాలుతో తుడిచారు. "రెండు పేజీలు చేత్తో రాశారండి ఆయన. అంత రాసీ ఎందుకు మోసం చేశారో నాకీ పద్దెనిమిదేళ్లూ అర్థం కాలేదు" అన్నారు. "ఆయన పోయినప్పుడు మా ఊళ్లో ఎవర్నీ వెళ్లొద్దన్నది నేనే. తెలుసాండి మీకు?" నాకు తెలియదు. ఊరు రాకపోవడం తెలుసు. అది కూడా నా ముద్ర కిందికే వస్తుందని అప్పటిదాకా తట్టలేదు.

ఈలోగా అమ్మాయి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పటి నుంచి వింటోందో. చేతిలో అంటుకత్తి, వేళ్లకి పచ్చి జిగురు. "ఆ మూడు వారాలూ, సర్టిఫికెట్ పోస్టులో వస్తుందేమోనని నేను రోజూ గేటు దగ్గర పోస్ట్‌మేన్ కోసం నుంచునేదాన్నండి" అంది. "ఆయన సైకిలు మలుపు తిరగ్గానే తల అడ్డంగా ఊపేసేవాడు, నేను ఊరికే నిలబడక్కర్లేకుండా." ఇంకేదో అంటుందని నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె మామిడి మొక్కల దగ్గరికి వెళ్లిపోయింది.

"నన్ను ఏం చెయ్యమంటారండి?" అని హవల్దారుగారిని అడిగాను. ఆయన స్టాంపు నా చేతిలో పెట్టలేదు. చొక్కా జేబులో వేసుకున్నారు. "క్షమించడాలు గట్రా నన్నడక్కండి. అది మా అమ్మాయిది. ఈ మాట నాకు చెబితే చాలదు. హాల్లో, అందరి ముందూ చెప్పండి. కుడివైపు ముద్రలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి" అన్నారు. నేను గేటు దాకా వచ్చాక వెనక నుంచి, "పదింటికండి. ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

పోయిన బుధవారం హాలు తెరిచారు. నేను తొమ్మిదిన్నరకే వెళ్లాను. ఆయన అప్పటికే వచ్చి చివరి వరసలో కూర్చుని ఉన్నారు. బోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. దాని కింద పేరు ఉందో, ఖాళీయో నాకు తెలియదు. లేచి చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పి ఆగిపోయాను. ఆ మిగిలిన సగం కోసమే ఇదంతా రాస్తున్నాను. నేను కూర్చున్నాక ఎవరూ తిట్టలేదు. ఒకాయన మాత్రం, "మాది కుడివైపేనండి, మా నాన్నది" అని లేచి, మళ్లీ కూర్చున్నాడు. అప్పుడు హవల్దారుగారు వెనక నుంచి నడిచి వచ్చి, గుడ్డ తాడు తనే లాగారు. పెదనాన్న పేరుంది. రంగు ఇంకా తడిగా మెరుస్తోంది, ముందురోజు సాయంత్రమే రాయించారట. ఆయన దానికి సెల్యూట్ చేశారు. చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది. నా వైపు చూడలేదు. తమ్ముడూ అని పిలవలేదు. పిలుస్తారని నేను ఎదురుచూశాను, సిగ్గు లేకుండా.

అందరూ భోజనాలకి కూర్చున్నాక నేను హాలు వెనక నుంచి కాలవ గట్టు మీదికి వెళ్లాను. గట్టుకి ఇప్పుడు సిమెంటు రోడ్డు వేశారు. ఈ వయసులో పరిగెత్తలేక నడిచాను. లాకు అక్కడే ఉంది, తలుపులకి కొత్త రంగు వేశారు. దాన్ని చేత్తో ముట్టుకుని వెనక్కి తిరిగి, పెదనాన్న నిలబడే చోటికి వచ్చాను. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చినవాడు "వచ్చానండీ" అని చెబితే వినడానికి గట్టు మీద ఎవరూ లేరు. ఎంత ఆలస్యమైనా ఆగేది ఆయనొక్కరే, కాలం ఆగలేదు.